కొత్త ప్రాజెక్ట్ దగ్గర చేతులాడనప్పుడు: పాల లెక్కతో మొదలుపెట్టి చూడండి

కొత్త కోడింగ్ ప్రాజెక్ట్ ముందు కూర్చోగానే బుర్ర మొద్దుబారిపోతోందంటే, కోడ్ రాకపోవడం వల్ల అలా జరగడం చాలా అరుదు. ఏ భాషలో రాయాలి, ఏ ఫ్రేమ్‌వర్క్ తీసుకోవాలి, డేటా ఎక్కడ దాచాలి, ఫోల్డర్‌కి ఏం పేరు పెట్టాలి, లాగిన్ కావాలా అక్కర్లేదా... మొదటి లైన్ టైప్ చేయకముందే ఇలాంటివి ఇరవై ప్రశ్నలు ఒక్కసారిగా మీద పడతాయి. ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలపడం కష్టమయ్యే తీరు) ఉన్నవాళ్లకు ఆ ఇరవైనీ తలలో పట్టి ఉంచడమే కష్టం. ఆటిజం ఉన్న చాలామందికి ఒకటి తేలకుండా రెండోదానికి వెళ్లడం కష్టం. చూపు తక్కువున్నా, మణికట్టు నొప్పి ఉన్నా, గంట కూర్చుంటే నడుం సహకరించకపోయినా ఆ ప్రశ్నల కింద ఇంకో వరస మొదలవుతుంది. ఈ టూల్‌ని స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను పైకి చదివే ప్రోగ్రాం) చదువుతుందా? మౌస్ లేకుండా నడుస్తుందా? ఇవాళ ఎంతసేపు టైప్ చేయగలను? గోరుచుట్టు మీద రోకటిపోటు.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతంతా ఒక్క విషయం మీద నిలబడింది: తేల్చుకోవడం ఒక పని, రాయడం వేరే పని. రెండూ ఒకే పూట పెట్టుకోకండి. తేల్చుకునే పూట కోడ్ రాయరు, రాసే పూట ఏదీ కొత్తగా తేల్చరు.

మాటల్లో చెబితే గాల్లో ఉంటుంది కాబట్టి ఒక ప్రాజెక్ట్ పట్టుకుందాం. ఇంటికి రోజూ రెండు అరలీటరు పాల పాకెట్లు వస్తాయి. ఊరెళ్లిన రోజుల్లో వద్దంటారు, చుట్టాలొస్తే ఎక్కువ వేయించుకుంటారు. నెలాఖరుకు ఎంత ఇవ్వాలో చెప్పే ప్రోగ్రాం కావాలి. పైథాన్‌తో రాస్తున్నాం అనుకోండి.

ముందు, ఎక్కడ ఆగారో చూడండి

ఆగిపోవడం అంతా ఒక రకం కాదు. మందు కూడా ఒకటి కాదు. ఈ ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు ఎవరైనా పక్కన కూర్చుని ఒక్కో లైన్ చెబుతుంటే టైప్ చేయగలరా?

చేయగలను అనిపిస్తే, మీకు అడ్డం పడుతున్నవి తేలని ప్రశ్నలు. కాగితం దశకు వెళ్లండి.

ఏం టైప్ చేయాలో తెలుసు, కానీ చెయ్యి కదలడం లేదు అంటే అది పని అందుకోలేకపోవడం. దాన్ని బద్ధకం అని తిట్టుకుంటే ఇంకా బిగుసుకుంటుంది. ఇలాంటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉంటే చాలాసార్లు పని కదులుతుంది. ఆ మనిషికి కోడ్ రానక్కర్లేదు. అమ్మ ఎదురుగా కూర్చుని బీన్స్ తరుగుతున్నా సరే. దూరంగా ఉన్న స్నేహితులైతే వీడియో కాల్ పెట్టుకుని, మైక్ ఆపేసి, ఎవరి పని వాళ్లు చేసుకోండి. మొదలుపెట్టేటప్పుడు మాత్రం 'ఇప్పుడు నేను ఫైల్ తెరిచి ఒక లైన్ రాస్తున్నా' అని పైకి చెప్పండి.

చెబుతున్నా టైప్ చేయలేను, తల పట్టేసింది, కళ్లు మండుతున్నాయి అంటే ఆ పూట ఒంటికి వదిలేయాలి. ఏ పద్ధతీ పనిచేయదు. పడుకోండి.

ఒళ్లూ యంత్రమూ, ఒక పూట దీనికే

ఈ పూట ప్రాజెక్ట్ గురించి ఆలోచించొద్దు. ఎడిటర్‌ని, అంటే కోడ్ రాసే ప్రోగ్రాంని, మీకు తగ్గట్టు చేసుకోవడం ఒక్కటే పని. గంటన్నర మించనివ్వకండి. ఎందుకంటే ఇక్కడొక ఉచ్చు ఉంది: థీమ్‌లు, ఫాంట్లు, ఎక్స్‌టెన్షన్లు మారుస్తూ కూర్చుంటే పని జరుగుతున్నట్టే ఉంటుంది. ఇల్లు అలకగానే పండగ కాదు.

వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వాడుతుంటే ముందు కంటికి గోల తగ్గించండి. కుడి పక్కన కనిపించే మినీమ్యాప్ తీసేయండి. కర్సర్ మిణుకుమిణుకుమనడం ఇబ్బందైతే సెట్టింగ్స్‌లో కర్సర్ బ్లింకింగ్‌ని సాలిడ్‌కి మార్చండి. టైప్ చేస్తుంటే ఊడిపడే సూచనలు ఆలోచనను తెంపేస్తుంటే క్విక్ సజెషన్స్ ఆపేసి, కావాల్సినప్పుడు కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కి పిలుచుకోండి. కంట్రోల్-కె నొక్కి, వదిలి, జెడ్ నొక్కితే కోడ్ తప్ప మిగతావన్నీ మాయమవుతాయి. ఎస్కేప్ రెండుసార్లు నొక్కితే తిరిగొస్తాయి.

ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో పనిచేసేవాళ్లకు మూడు అమరికలు ముఖ్యం. పైథాన్‌లో లైన్ ముందుండే ఖాళీకి అర్థం ఉంది. అది వినపడకపోతే ఇండెంటేషన్ ఎర్రర్లతోనే రోజు గడిచిపోతుంది. ఎన్‌వీడీఏ సెట్టింగ్స్‌లో డాక్యుమెంట్ ఫార్మాటింగ్ కింద లైన్ ఇండెంటేషన్ రిపోర్టింగ్ ఉంటుంది. దాన్ని మాటగానో, స్వరంగానో, రెండుగానో పెట్టుకోవచ్చు. స్వరం పెట్టుకుంటే లోపలికి వెళ్లేకొద్దీ శబ్దం మారుతుంది, చెవికి భారం తక్కువ. రెండోది, విరామ చిహ్నాలు. ఎన్‌వీడీఏ కీతో పి నొక్కుతూ పోతే స్థాయి మారుతుంది. కోడ్‌కి 'ఆల్' ఉండాలి, లేకపోతే బ్రాకెట్ పోయిందని తెలియదు. మూడోది, గొంతు. మామూలుగా తెలుగు గొంతు పెట్టుకుని ఉంటే, ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న వేరియబుల్ పేర్లను అది వింతగా పలుకుతుంది. ఈ మూడింటినీ ప్రతిసారీ మార్చుకోనక్కర్లేదు. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, పి కలిపి నొక్కి కాన్ఫిగరేషన్ ప్రొఫైల్ ఒకటి చేసి వీఎస్ కోడ్‌కి కట్టేస్తే, అందులోకి వెళ్లగానే అవే మారిపోతాయి. టెర్మినల్‌లో (ప్రోగ్రాం జవాబు అక్షరాల్లో వచ్చే చోటు) వచ్చింది లైన్ లైన్‌గా చదవడానికి వీఎస్ కోడ్‌లో ఆల్ట్-ఎఫ్2 ఉంది.

చేతుల సంగతి. రెండు మూడు కీలు కలిపి నొక్కడం కష్టమైతే విండోస్‌లో షిఫ్ట్‌ని అయిదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ వస్తుంది, ఒక కీ తర్వాత ఇంకోటి నొక్కొచ్చు. కామెంట్లు, నోట్సు లాంటి మామూలు వాక్యాలకు విండోస్ కీతో హెచ్ నొక్కి మాట్లాడితే సరిపోతుంది. కోడ్ మొత్తం గొంతుతో రాయాలంటే టాలన్ లాంటివి ఉన్నాయి. అందులో ఒక్కో అక్షరానికి ఒక్కో చిన్న మాట ఉంటుంది: ఏ కి ఎయిర్, బి కి బ్యాట్, సి కి క్యాప్, డి కి డ్రమ్. కాకపోతే అది నేర్చుకోవడమే ఒక ప్రాజెక్ట్. మొదటి వారం అక్షరాలూ అంకెలూ దాటి పోవద్దు. పాల లెక్కా, టాలనూ ఒకే రోజు మొదలుపెడితే రెండూ ఆగుతాయి.

డిస్‌లెక్సియా (చదివేటప్పుడు అక్షరాలు తికమకపడటం) ఉంటే ఫాంట్ కన్నా పేర్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఒకేలా మొదలై ఒకేలా ముగిసే రెండు వేరియబుల్ పేర్లు పెట్టకండి. కంటికి తికమకే కాదు, ఎడిటర్ సూచనల్లోంచి కూడా తప్పుది ఎంచుకుంటారు. మొదటి అక్షరమే వేరుగా ఉండాలి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ దగ్గరే ఆగిపోతుంటే పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులోనే రాయొచ్చని గుర్తుపెట్టుకోండి. 'ధర = 32', 'పాకెట్లు = 60' అని రాస్తే చక్కగా నడుస్తుంది. ఒక్క మెలిక ఉంది. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనపడని ఒక గుర్తు పెడతాయి. 'లైన్‌లో' అని రాసినప్పుడు న్ తర్వాత ఉండేది అదే. అది వేరియబుల్ పేరులో పడితే పైథాన్ ఒప్పుకోదు, 'కనపడని అక్షరం యూ ప్లస్ 200సీ' అన్న అర్థంలో ఎర్రర్ ఇస్తుంది. ఆ పేరు చెరిపేసి, ఒత్తులు మామూలుగా వచ్చే మాట పెట్టుకోండి. ఇంగ్లిష్ గొంతుతో స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు మాత్రం ఈ దారి పట్టకపోవడమే మంచిది.

కాగితం మీద అరగంట

ఏ4 కాగితం ఒకటి. ఫోన్‌లో నోట్స్ యాప్ వద్దు, తెరిచిన చేత్తోనే వాట్సాప్ తెరుస్తారు. రాయడం కష్టమైతే రికార్డర్‌లో చెప్పుకోండి, లేదా ఎడిటర్‌లోనే ఖాళీ ఫైల్ తెరవండి. అందులో మూడే సంగతులు ఉండాలి.

పైన ఒక వాక్యం: 'నెల చెబితే పాలకు ఎంత ఇవ్వాలో చెబుతుంది.' వాక్యంలో 'ఇంకా', 'అలాగే' వచ్చాయంటే అక్కడ కత్తిరించండి.

తర్వాత, ఇప్పుడు చేయనివి. ఫోన్ యాప్ చేయను. లాగిన్ ఉండదు. పెరుగు, నెయ్యి లెక్క రాదు. ఏడాది గ్రాఫ్ లేదు. ఈ జాబితా మీద కొంచెం ఎక్కువసేపు కూర్చోండి. కొత్త ఆలోచన వచ్చిన ప్రతిసారీ దాన్ని తోసేయడం ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు సాధ్యం కాదు, తోసేస్తే మళ్లీ వస్తుంది. దానికి కాగితం మీద చోటిస్తే బుర్ర వదిలేస్తుంది.

ఇక మూడోది, చేత్తో వేసిన ఒక లెక్క. నెలకు 30 రోజులు, రోజుకు 2 పాకెట్లు, అంటే 60. మూడు రోజులు ఊళ్లో లేరు, 6 తగ్గాయి. ఒకరోజు చుట్టాలొచ్చి 5 వేయించుకున్నారు, అంటే 3 పెరిగాయి. మొత్తం 57. పాకెట్ 32 రూపాయలనుకుంటే 1,824. ఈ అంకెకు గుండ్రంగా సున్నా చుట్టండి. ప్రోగ్రాం ఈ అంకె చెప్పిన రోజు పని అయిపోయినట్టు. ఎక్కడ ఆపాలో ముందే తెలియకపోతే, ఎప్పుడూ సరిపోలేదనిపించే బుర్రలు ఆపవు.

ఈ లెక్క వేస్తుండగానే ఒక మంచి సంగతి బయటపడుతుంది. రోజూ పాకెట్లు నమోదు చేయాల్సిన పని లేదు. మామూలు రోజు రెండు అని ప్రోగ్రాంకి తెలుసు, మారిన రోజులు మాత్రం రాస్తే చాలు. ముప్ఫై నమోదులు నాలుగయ్యాయి. రోజూ గుర్తుపెట్టుకుని ఏదో నింపాల్సిన ప్రోగ్రాం మీకు మీరే రాసుకుంటే, అది పది రోజులు కూడా వాడరు. మరిచిపోయినా చెడిపోని పద్ధతి వెతకడం మన రకం బుర్రలకు డిజైన్‌లో మొదటి సూత్రం.

టూల్స్ తేల్చడం, పది నిమిషాలు

ఇంతకు ముందు ఒక్కసారైనా వాడిన భాషే తీసుకోండి. ప్రాజెక్ట్ మొత్తంలో కొత్తది ఒకటి మించి ఉండకూడదు. తప్పక పైథాన్ కొత్తదే అయితే డేటాబేస్ పాతది, లేదా అసలు వద్దు. నెలకు నాలుగు వరసల డేటాకి డేటాబేస్ ఎందుకు? సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన వరసలుండే మామూలు ఫైల్) చాలు. బటన్లున్న తెర కూడా వద్దు, టెర్మినల్‌లో ఒక అంకె వస్తే చాలు.

రెండింటి మధ్య ఊగిసలాట వస్తే చీటీలు వేసి ఒకటి తీయండి. నవ్వులాట కాదు. ఈ స్థాయిలో రెండు దారులూ ఇంచుమించు ఒకటే, ఎంచుకోవడానికి పట్టే గంటలే అసలు నష్టం. తీసిన చీటీ పక్కన ఒక వాక్యం రాసుకోండి: 'సీఎస్‌వీ ఎందుకంటే నెలకు నాలుగు వరసలే.' రాత్రి రెండింటికి 'వేరే డేటాబేస్ తీసుకుని ఉంటే...' అని బుర్ర మొదలుపెట్టినప్పుడు ఆ వాక్యమే జవాబు.

మొదటిసారి నడపడం

ఇది వేరే పూట. కాగితం ఎదురుగా ఉంటుంది, తేల్చాల్సింది ఏమీ మిగల్లేదు.

ఫోల్డర్ ఒకటి, ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. దాన్లో ఫైల్ ఒకటి. ఫైల్‌కి పైథాన్ సొంత మాడ్యూళ్ల (పైథాన్‌తోనే వచ్చే కోడ్ ముక్కల) పేరు పెట్టొద్దు. సీఎస్‌వీ చదివే ప్రోగ్రాం కదా అని ఫైల్‌కి అదే పేరు పెడితే, లోపల ఆ మాడ్యూల్‌ని పిలిచినప్పుడు పైథాన్ అసలుదాన్ని వదిలేసి మీ ఫైల్‌నే తెచ్చుకుంటుంది. ఎర్రర్ చూస్తే మాత్రం ఆ మాడ్యూల్‌లో ఫలానా పని లేదని అంటుంది. గంటలు తినే తప్పు ఇది. పాలు అని పెట్టుకోండి, గొడవ లేదు.

అందులో ఒకే లైన్: ప్రింట్ అని రాసి బ్రాకెట్లో 60 ఇంటూ 32. నడపండి. 1920 వస్తుంది. సేవ్ చేసి గిట్‌లో (కోడ్ పాత రూపాలన్నీ దాచే టూల్) కమిట్ కొట్టండి, అంటే ఇప్పటి రూపాన్ని దాచండి.

ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే. పైథాన్ ఉంది, ఎడిటర్ నడుపుతోంది, ఫైల్ దొరుకుతోంది, అంకె కనపడుతోంది, లేదా వినపడుతోంది. ఆదిలోనే హంసపాదు పడేది ఈ నాలుగు చోట్లే. అక్కడ తప్పు ఉంటే అది ఇప్పుడే, మీ లెక్క గురించి ఏమీ ఆలోచించకముందే తెలియాలి. వంద లైన్లు రాశాక మొదటిసారి నడిపితే తప్పు సెటప్‌దో మీదో తెలియదు. విండోస్‌లో పైథాన్ అని టైప్ చేస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుందనుకోండి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత్‌కి చేర్చమనే గడిలో టిక్ పెట్టలేదేమో చూడండి. ఇన్‌స్టాలర్ మళ్లీ నడిపి టిక్ పెట్టండి.

ఒక్కో మెట్టూ

ఇక్కడి నుంచి ప్రతి మెట్టు చివరా ప్రోగ్రాం నడవాలి. పాల లెక్కకు వరస ఇలా ఉంటుంది. ముందు 60నీ 32నీ పేర్లుగా మార్చండి. జవాబు 1920 మారకూడదు. తర్వాత మారిన నాలుగు రోజుల్ని కోడ్‌లోనే చేత్తో రాసేయండి. ఫైల్ ఇంకా లేదు. జవాబు 1824 రావాలి. వచ్చిందంటే కాగితం మీది సున్నా చుట్టిన అంకె దొరికింది, ప్రోగ్రాం ఒక రకంగా పూర్తయింది. నెలాఖరు దగ్గరపడితే ఇక్కడే ఆపి వాడుకోవచ్చు. ఆ తర్వాతే ఆ నాలుగు వరసల్ని సీఎస్‌వీ ఫైల్‌లోకి మార్చడం. చివరగా, నెలకు ఎన్ని రోజులో పైథాన్‌నే అడగడం, ఫిబ్రవరి కోసం.

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు ఫైల్ చదవడం రాసి, అక్కడ ఇరుక్కుని, లెక్క దాకా రానే రారు. లోపల గట్టిపడ్డాక బయటికి రావాలి.

ఒక్కో మెట్టు పని జాబితాలో రాసేటప్పుడు క్రియతో రాయండి. 'సీఎస్‌వీ' అని రాస్తే రేపు చూసి బిక్కమొహం వేస్తారు. 'నాలుగు వరసలున్న ఫైల్ చేసి సేవ్ చేయాలి' అని రాస్తే చెయ్యి కదులుతుంది. ఇరవై నిమిషాల్లో అయ్యేలా లేదనిపిస్తే దాన్ని ఇంకా ముక్కలు చేయాల్సి ఉందని గుర్తు. జాబితా మొత్తం కళ్లెదుట వద్దు, ఇప్పటి మెట్టు ఒక్కటే స్టిక్కీ నోట్ మీద ఉంచండి.

ఇరవై అయిదు నిమిషాల పని, అయిదు నిమిషాల విరామం అనే పొమొడోరో పద్ధతి అందరూ చెబుతారు. ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో చదువుకునే రోజుల్లో పెట్టుకున్నది. కొందరికి బాగా పనిచేస్తుంది. కానీ పనిలోకి దిగడానికే ఇరవై నిమిషాలు పట్టేవాళ్లకు అది సరిగ్గా దారిలో పడ్డప్పుడు మోగి చెడగొడుతుంది. ఆటిజం ఉన్న చాలామందికి ఒక పనిలోంచి బయటికి రావడం, మళ్లీ దిగడం రెండూ బరువే. అలాంటివాళ్లు అలారం గంటకొకటి పెట్టుకుని, మోగినప్పుడు మూడు అడగండి: నీళ్లు తాగానా, బాత్రూంకి వెళ్లాలా, మణికట్టు ఎలా ఉంది? పని ఆపక్కర్లేదు, ఒంటిని పలకరిస్తే చాలు. మోగుతున్నా వినపడనంతగా మునిగిపోయేవాళ్లు ఫోన్‌ని గదికి అవతలి మూల పెట్టండి, కదలగలిగితేనే. లేకపోతే చేతి గడియారంలో వైబ్రేషన్ పెట్టుకోండి.

ఎర్రర్ వచ్చినప్పుడు

పైథాన్ ఎర్రర్‌ని కింది నుంచి చదవాలి. ఆఖరి లైన్‌లో ఏమైందో ఉంటుంది, దాని పైన ఏ ఫైల్‌లో ఎన్నో లైనో ఉంటుంది. అంతకు పైనున్నదంతా ఇప్పటికి వదిలేయండి. ఎర్ర గోడలా కనిపించేదాంట్లో మీకు కావాల్సింది రెండు లైన్లే.

పాల లెక్కలో ఎదురయ్యేవి ఇంచుమించు ఇవే. సీఎస్‌వీలో 'చుట్టాలొచ్చారు' అని తెలుగులో ఒక గడి రాసుకున్నారనుకోండి, విండోస్‌లో ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్‌లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని చెప్పకపోతే పైథాన్ పాత విండోస్ ఎన్‌కోడింగ్‌తో చదవబోయి పడిపోతుంది, లేదా చెత్త అక్షరాలు చూపిస్తుంది. ప్రోగ్రాం రాసిన ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు గజిబిజిగా ఉందంటే, రాసేటప్పుడు యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి. ఫైల్ మొదట్లో చేరే చిన్న గుర్తు చూసి ఎక్సెల్ సర్దుకుంటుంది. తేదీల్ని 2025-02-01లా ఏడాది, నెల, రోజు వరసలో రాయండి. 01-02-2025 అంటే ఫిబ్రవరి ఒకటా, జనవరి రెండా? అంకెలు తారుమారుగా కనిపించేవాళ్లకు ఇది రెండింతల మేలు. ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో మార్చి సేవ్ చేస్తే అది తేదీల రూపం మార్చేయొచ్చు, అందుకే మార్పులు ఎడిటర్‌లోనే చేయండి.

ఒకే ఎర్రర్ మీద అరగంట గడిస్తే లేవండి. లేచేముందు ఎవరికైనా పంపేట్టు మూడు ముక్కలు రాయండి: ఏం చేయబోయాను, ఏం రావాలి, ఏం వచ్చింది. చాలాసార్లు రెండో ముక్క రాస్తుండగానే తప్పు కనపడుతుంది.

చాట్‌బాట్‌ని అడిగేవాళ్లు జవాబు పొడవు మీరే కట్టడి చేయండి. 'పాల లెక్క యాప్ రాసివ్వు' అంటే మూడు వందల లైన్లు, నాలుగు ఫైళ్లు వచ్చి పడతాయి. అప్పుడు మళ్లీ మొదటికే. స్క్రీన్ రీడర్‌తో అయితే అది వినడానికే పూట పడుతుంది. ఇలా అడగండి: 'నా దగ్గర ఈ పది లైన్లు ఉన్నాయి. ఒక్క మార్పు చెప్పు. అయిదు లైన్లు మించొద్దు. కొత్త లైబ్రరీ వద్దు. ఎందుకో ఒక వాక్యంలో చెప్పు.' ఇచ్చింది నడపకుండా రెండోది అడగొద్దు.

ఆపడం, తిరిగి రావడం

ఓపిక పూర్తిగా అయిపోయే దాకా కూర్చుంటే ఆపేటప్పుడు చీటీ రాయడానికి శక్తి ఉండదు. అందుకే ఒంట్లో పావువంతు మిగిలి ఉండగానే ఆపండి. ఆపేముందు ఫైల్ పైన కామెంట్‌గా ఇలా రాయండి:

ఎక్కడున్నాను: మారిన రోజుల ఫైల్ చదువుతోంది, లెక్కలోకి ఇంకా రాలేదు.
తర్వాతి పని: 14వ లైన్ కింద, ఆ తేదీకి 2కి బదులు ఫైల్‌లోని పాకెట్లు తీసుకోవాలి.
ఇప్పుడు పట్టించుకోవద్దు: తేదీ తప్పు రాస్తే ఏమవుతుందన్నది.

మూడో లైన్ మరిచిపోవద్దు. తిరిగొచ్చినప్పుడు ముందు కళ్లబడేవి లోపాలే, వాటి వెంట పడితే అసలు పని ఆగుతుంది. కోడ్ సగంలో ఉన్నా, నడవకపోయినా కమిట్ కొట్టండి, సందేశంగా 'సగంలో ఉంది' అని రాయండి. మీ సొంత రిపాజిటరీ (గిట్ కమిట్లు దాచే చోటు), ఎవరూ చూడరు.

నొప్పి ఎక్కువున్న రోజులకు వేరే జాబితా పెట్టుకోండి: ఒక వేరియబుల్ పేరు మార్చడం, ఒక కామెంట్ గొంతుతో చెప్పడం, చేయనివి జాబితాలో ఒకటి చేర్చడం. ఆ రోజు అదే పని.

మూడు వారాలు ముట్టుకోలేదనుకోండి. ముందు కోడ్ చదవొద్దు. చీటీ చదవండి, ప్రోగ్రాం నడపండి, ఏ అంకె వస్తుందో చూడండి. నడిస్తే చీటీలోని తర్వాతి పని పట్టుకోండి. నడవకపోతే, పావుగంటలో అంతు చిక్కకపోతే, నడిచిన ఆఖరి కమిట్‌కి వెళ్లిపోండి. పోయేది ఇరవై నిమిషాల మెట్టు ఒకటి. తిరిగొచ్చిన రోజున లైబ్రరీలు అప్‌డేట్ చేయకండి, ఏది దేనివల్ల విరిగిందో తెలియకుండా పోతుంది.

ఆఫీసులో ఇతరుల కోడ్ అయితే

వేల ఫైళ్ల ప్రాజెక్ట్‌లో పడేసినప్పుడు కాగితం దశే కొంచెం మారుతుంది. మొత్తం అర్థం చేసుకుందామని దిగకండి. తెర మీద కనపడే ఒక మాట, ఒక బటన్ మీది రాత, పట్టుకుని దాన్ని మొత్తం కోడ్‌లో వెతకండి. దొరికిన చోట ఆ మాట మార్చి, నడిపి, తెర మీద మారిందో లేదో చూడండి. మారిందంటే మీ మొదటి దారం దొరికింది. అక్కడి నుంచి ఆ బటన్ ఎవర్ని పిలుస్తుందో ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్తూ, ఒక్కో ఫైల్ పేరు పక్కన ఒక వాక్యం రాసుకుంటూ పోండి. మార్చిన మాట మళ్లీ పాతదానికి తెచ్చేయడం మరవొద్దు.

ఆఫీసులో సాయం అడిగే హక్కు గురించి కూడా తెలిసి ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం, డిస్‌లెక్సియా లాంటి అభ్యసన ఇబ్బందులు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. ప్రైవేటు సంస్థలకు కూడా సమాన అవకాశాల విధానం ఉండాలని చట్టం చెబుతుంది. హెచ్‌ఆర్‌ని ఆ పత్రం అడగండి. అయితే వైకల్య సర్టిఫికెట్ చేతికొచ్చే దాకా ఆగాల్సిన పని లేదు. టీం లీడ్‌కి రోగం పేరు చెప్పకుండానే కావాల్సింది అడగొచ్చు. మెయిల్ ఇంత చిన్నగా ఉంటే చాలు:

'సార్, పని మాటల్లో చెప్పినప్పుడు నాకు కొన్ని వివరాలు జారిపోతున్నాయి. టికెట్‌లో మూడు లైన్లు రాసి ఇస్తే తప్పులు తగ్గుతాయి: ఏం మారాలి, ఎలా పరీక్షించాలి, ఏది ముట్టుకోకూడదు. మొదటి రెండు వారాలు రోజుకు ఒకసారి పది నిమిషాలు మాట్లాడటానికి ఒకరు ఉంటే సాయంగా ఉంటుంది. ఉదయం 11 అయితే నాకు వీలు.'